విశ్వాసాన్ని వాడుకున్నవాళ్లు

కెనడాలో నేను చాప్లిన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మొదట రెజైనాలో ఒక ఆసుపత్రిలో, ఆ తరవాత చాలాకాలం ఎటోబికోలో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో. చాప్లిన్ అంటే ఏమిటో మనవాళ్లలో చాలామందికి తెలియదు. కాకినాడలో మా చుట్టాలు ఇప్పటికీ "మా సుగుణ అక్కడ పాస్టరమ్మ" అనే చెప్పుకుంటారు. పాస్టర్ పని వేరు. పాస్టర్ దగ్గరికి ఆయన సంఘమే వస్తుంది. చాప్లిన్ ఏ సంఘమో, ఏ మతమో తెలియని మనిషి మంచం పక్కన కూర్చోవాలి. రోగి దిగులు, ఇంట్లోవాళ్ల దిగులు, వాళ్లకు సేవ చేసే స్టాఫ్ దిగులు, అన్నీ వినాలి. జీతం మాత్రం సంస్థ ఇస్తుంది. ఈ ఉద్యోగంలో నాకెదురైన చిక్కులన్నీ ఆ చివరి మాట దగ్గరే మొదలయ్యాయి.

కొత్తగా ఈ పనిలో చేరుతున్న పిల్లలు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ట్రైనింగ్‌లో వాళ్లకు ఒక్కో దేశం మనుషుల గురించి ఒక్కో పేజీ ఇస్తున్నారట. ఫిలిప్పీన్స్ పేజీ ఒకమ్మాయి నాకు చదివి వినిపించింది. కుటుంబమే ప్రాణం, పెద్దలంటే గౌరవం, గాఢమైన కథోలిక విశ్వాసం, పుట్టుకతో వచ్చిన సేవాగుణం. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల బిత్తరపోయి, "తప్పుగా రాశారా ఆంటీ?" అంది.

తప్పేమీ లేదు. ఆ సంగతులన్నీ బాగా తెలిసినవాళ్లే ఆ మనుషులను పిండుకుతిన్నారు. నేను కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

తల ఊపిన పెద్దాయన

రెజైనాలో నా మొదటి బాస్ నెమ్మదస్తుడు. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆయన నాకు నేర్పిన మొదటి సూత్రం ఇది: "ఫిలిప్పీనో పేషెంట్ వస్తే ప్రీస్ట్‌ని పిలువు, చేతిలో జపమాల పెట్టు, ఇక నీకు పనుండదు. వాళ్లది బలమైన విశ్వాసం."

ఎర్నెస్టో అనే పెద్దాయన అలాగే వచ్చాడు. షుగరు ముదిరి కాలు కుళ్లడం మొదలైంది. మోకాలి కింద తీసేయాలన్నాడు డాక్టర్. పెద్దాయన నవ్వి, "యెస్ డాక్, థాంక్యూ డాక్" అన్నాడు. నర్సులు ముచ్చటపడ్డారు. మా బాస్ ఆయన మంచం పక్కన నిలబడి, ఈ మనిషికి ఇంత శాంతి ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పాడు. పెద్దాయన దానికీ తల ఊపాడు.

డాక్టర్ వెళ్లాక చూశాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముట్టలేదు. నాకు అనుమానం వచ్చింది. మన కోస్తాలో పెరిగినవాళ్లకు మొహమాటం అంటే ఒకరు చెప్పాలా? చుట్టం కొసరి కొసరి వడ్డిస్తుంటే కడుపు పగిలిపోతున్నా వద్దనలేని మనుషులం. ఫిలిప్పీన్స్‌వాళ్లు దాన్ని 'హియా' అంటారని అక్కడే ఒక నర్సు నాకు చెప్పింది. సిగ్గు, అభిమానం, మొహమాటం, మూడూ కలిసిన మాట అది. ఎదుటిమనిషి ముఖం చిన్నబుచ్చకూడదు. మన ముఖమూ చిన్నబోకూడదు.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "తాతగారూ, మీరు వద్దంటే ఎవరికి బాధ కలుగుతుందని భయపడుతున్నారు?" అని అడిగాను.

ఆయన కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి. "డాక్టర్ సెలవు రోజు కూడా నాకోసం వచ్చాడు. అంత చేసిన మనిషికి నో అని ఎలా చెప్పను? నాకు భయమేస్తోంది. ఇంకో దారి ఉందా అని అడగాలని ఉంది. అడిగితే ఆయన్ని నమ్మనట్టు అవుతుందేమో."

నేను డాక్టర్‌ను వెనక్కి పిలిపించాను. పెద్దాయన కూతుళ్లు వచ్చారు. ఆపరేషన్ వాయిదా పడింది. పెద్దాయన తన ప్రశ్నలన్నీ అడిగాడు. ఇంకో దారి లేదని తెలిసింది. చివరికి కాలు తీశారు. అయితే ఈసారి సరే అన్నది ఆయనే. లోపలికి తీసుకెళ్లేముందు తన కాలిని చేత్తో నిమిరి, దానికి తన భాషలో ఏదో చెప్పుకున్నాడు. ఆ వీడ్కోలు ఆయనకు దక్కకుండా చేయబోయారు.

మా బాస్ నన్ను గదిలోకి పిలిచాడు. "ప్రశాంతంగా ఉన్న మనిషి మనసులో అనుమానం నాటావు" అన్నాడు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. నాకు మాత్రం పెంచాలనిపించింది. ఆ ముసలాయన నోరు మూయించిన భయానికి విశ్వాసం అని ఈయన పేరు పెట్టి, దానికి స్తోత్రం కూడా చెప్పాడు. రోగి నవ్వితే సరిపోయిందనుకునే చాప్లిన్ ఆ మంచం దగ్గరికి పోకపోతేనే మేలు.

లిండా గారి కుటుంబం

మావారు ప్రభాకర్‌కు ఓక్‌విల్ కార్ల ఫ్యాక్టరీలో పని దొరకడంతో ఇటువైపు వచ్చేశాం. నేను ఎటోబికో హోమ్‌లో చేరాను. అక్కడ ముసలివాళ్లకు స్నానం చేయించి, తినిపించి, మంచం మార్చే పనివాళ్లలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్ ఆడవాళ్లే. డైరెక్టర్ పేరు లిండా. భక్తిపరురాలు. వాళ్ల చర్చిలో ఆదివారం పిల్లలకు పాఠాలు చెప్పేది. స్టాఫ్ మీటింగ్‌ను ప్రార్థనతోనే మొదలుపెట్టేది. "మనం స్టాఫ్ కాదు, కుటుంబం" అనేది.

ఆ మాట ఉత్తుత్తిది కాదు. మారిసెల్ విషయంలో ఆమె నిజంగానే మేలు చేసింది. మారిసెల్ ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో అనే ఊరినుంచి ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి వచ్చింది. ఆ ఇంటివాళ్లు ఉన్నపళాన మానిపించేశారు. వర్క్ పర్మిట్ చిక్కుల్లో పడి, దేశం వదిలి వెళ్లాల్సివచ్చే స్థితిలో ఉండగా లిండా ఉద్యోగం ఇచ్చింది. పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, వచ్చేదాకా వెంట నిలబడింది. మారిసెల్ ఆమెను దేవతలా చూసేది. "మామ్ లిండా లేకపోతే నేను లేను సిస్టర్" అని నాతో ఎన్నిసార్లు అందో. మామ్ అంటే వాళ్ల నోట మేడమ్.

ఫిలిప్పీన్స్‌వాళ్లకు దీనికొక మాట ఉంది. 'ఉతాంగ్ నా లోఓబ్.' లోపలి రుణం అని అర్థం. డబ్బు రుణమైతే తీరిపోతుంది. ఇది మనిషి లోపల ఉండిపోతుంది. అది తెలియని మనిషి అనిపించుకోవడం కంటే పెద్ద అవమానం వాళ్లకు లేదు. చర్చి ఆ మాటను అలాగే అందుకుంది. క్రీస్తు మనకోసం ప్రాణం పెట్టాడు, ఆ రుణం మనమీద ఉంది అంటే వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది, గుండెకు తగులుతుంది. దాన్ని నేను తప్పుపట్టను. దేవుడు ఆ రుణం వసూలు చేసుకోవడానికి రాడు. మనుషులు వస్తారు.

ఆ ఏడాది స్టాఫ్ చాలక హోమ్ అల్లాడుతోంది. మారిసెల్ ఉన్న అంతస్తులో ఒక భారీ మనిషి ఉండేవాడు. ఆయన్ను మంచం మీంచి లేపాలంటే లిఫ్ట్ మెషీన్, ఇద్దరు మనుషులు కావాలి. లిండా ఆ రెండో మనిషిని తీసి వేరే అంతస్తుకు వేసింది. "కొన్నాళ్లు సర్దుకోండి, ప్రార్థిస్తున్నాను" అంది. ఒక పొద్దున ఆయన మంచం అంచు నుంచి జారిపోతుంటే మారిసెల్ కేకేసింది. ఎవరూ లేరు. వదిలేస్తే ఆయన తల పగిలేది. తన ఒంటితోనే ఆపింది. ఆయనకు గీత కూడా పడలేదు. మారిసెల్ నడుము పట్టేసి, అక్కడే నేలమీద కూలబడింది.

లిండా పరుగున వచ్చింది. మారిసెల్ చేయి పట్టుకుంది, ఏడ్చింది కూడా. ఆ తరవాత అంది: "ఇంటి సంగతి ఇంట్లోనే చూసుకుందాం. ఇంజురీ రిపోర్ట్ అంటే ప్రభుత్వం వాళ్లు ఇన్‌స్పెక్షన్‌కు వస్తారు. నువ్వు సిక్ లీవ్ పెట్టుకో. నేను చూసుకుంటాను."

మారిసెల్ తల ఊపింది.

నన్ను అడిగిన పని

వారం గడిచింది. మారిసెల్ మంచం దిగలేకపోయింది. రిపోర్ట్ లేదు కాబట్టి పనిలో తగిలిన దెబ్బకు రావాల్సిన వైద్యం లేదు, ఫిజియోథెరపీ లేదు. స్టాఫ్ గుసగుసలాడుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు లిండా నన్ను పిలిచి తలుపు వేసింది.

"మారిసెల్‌కు మీ మీద గురి ఉంది. వెళ్లి ఆమెతో ప్రార్థించండి. క్షమాపణ గురించి మాట్లాడండి. మనసులో చేదు పెట్టుకోవద్దని చెప్పండి. వాళ్లది విశ్వాసం గల జాతి, మీరు చెప్తే వింటుంది" అంది.

నా పని ఎంత హీనంగా మారగలదో ఆ రోజు అర్థమైంది. "ప్రార్థిస్తాను. కానీ మీరు చెప్పమన్నది ప్రార్థనలో పెట్టను. ఆమె మీ మీద చేదు పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే ఇప్పటికి రిపోర్ట్ ఇచ్చేసేది" అన్నాను.

లిండా ముఖం గట్టిపడింది. "సుగుణా, మీరు ఈ హోమ్ తరఫున పనిచేస్తున్నారు."

"రిపోర్ట్ ఇవ్వాల్సింది మీరు. చట్టం కూడా అదే చెప్తోంది" అని లేచి వచ్చేశాను.  భయం కొంత, కోపం ఎక్కువ.

ఇంటికి వచ్చి చెబితే మావారు అన్నం కలుపుతూ ఆగిపోయారు. "నీకెందుకే ఇదంతా? ఇంకెంత, కొన్నాళ్లలో రిటైరవుతావు. ఆ మేనేజర్‌తో పెట్టుకుంటే అవర్స్ కట్ చేసి పడేస్తది."

"చెయ్యనివ్వండి. నా ప్రార్థన అద్దెకిచ్చేది కాదు. ఇప్పుడే మారిసెల్ దగ్గరికి వెళ్తున్నాను."

ఆయన చెయ్యి కడుక్కుని, "సరే, స్నో పడేలా ఉంది. నేను డ్రైవ్ చేస్తా పద" అన్నారు.

బేస్‌మెంట్‌లో

మారిసెల్ ఉండేది ఒక ఇంటి బేస్‌మెంట్‌లో. తలుపు తీయగానే వంటల వాసన, మనుషుల సందడి. ఎవరో పాన్సిత్ నూడుల్స్ వండుకొచ్చారు. ఒకామె బట్టలు మడతపెడుతోంది, ఇంకొకామె తన షిఫ్ట్ ముగించుకుని వచ్చి మారిసెల్ తల దువ్వుతోంది. ఎవరూ ఎవరినీ పిలవలేదు. మా తెలుగు చర్చిలో ఒకరికి జబ్బు చేస్తే వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకునేవాళ్లం ఎక్కువ. వీళ్లను చూస్తే నాకు నిజంగా సిగ్గేసింది.

వాళ్లందరికీ పెద్ద కోరా. అందరూ 'ఆతె' అంటారు, అంటే అక్క. మా హోమ్‌లోనే సీనియర్. మరియమ్మ బొమ్మ ముందు కొవ్వొత్తి పెట్టి జపమాల చెప్పించింది. నాది వేరే శాఖ అయినా నేనూ కూర్చున్నాను. జపం అయ్యాక మారిసెల్ దుప్పటి సర్దుతూ కోరా అంది: "ఓర్చుకో. యేసు ఎంత మోశాడు! నీ నొప్పి ఆయనకు అర్పించు. మామ్ లిండా మనకు చేసింది మరిచిపోకు."

ఇక నావల్ల కాలేదు. "ఆతె, యేసు మోసింది లోకం పాపం. లిండా గారి స్టాఫ్ షెడ్యూల్ కాదు" అన్నాను.

 కోరా నావైపు తిరిగింది. ఆమెకూ కోపం వచ్చింది. "మీకు సులువు సిస్టర్. మీవాళ్లు దేవుడూ నేనూ అని ఇద్దరే కూర్చుంటారు. మాకు అలా కాదు. ఒకరు తలెత్తితే అందరి తలా తెగుతుంది. ఇన్‌స్పెక్షన్ వస్తే రేపు లిండా మావాళ్లను తీసుకుంటుందా? నా మేనకోడలి పేపర్లు ఆమె టేబుల్ మీదే ఉన్నాయి. ఆ పిల్లకు మీరు ఉద్యోగం ఇప్పిస్తారా?"

 ఆమె భయం కల్పించుకున్నది కాదు. ఒక మనిషి నడుమును, ఇంకో మనిషి బతుకుతెరువును పోటీకి పెట్టి, పైన కూర్చున్నవాళ్లు 'కుటుంబం' అంటారు. నా కోపం కోరా మీద నిలవలేదు.

అప్పటిదాకా కళ్లు మూసుకుని ఉన్న మారిసెల్ అడిగింది. "సిస్టర్, కృతజ్ఞత లేకపోవడం పాపమేనా?"

నేను బైబిల్ తెరవలేదు. మా తాత సంగతి చెప్పాను. మా తాత ఒక కామందు దగ్గర పాలేరు. బాప్తిస్మం తీసుకుని ఆదివారం పొలానికి రానన్నాడు. కామందు వీధిలో నిలబెట్టి, "విశ్వాసం లేని కుక్కా" అని తిట్టాడు. అదే వారం గుడిసె చర్చిలో పాదిరిగారు మా తాతను నిలబెట్టి, "ఈయన విశ్వాసి" అన్నాడు. "మా భాషలో రెంటికీ ఒకటే మాట" అని చెప్పాను. "దేవుణ్ణి నమ్మడమూ విశ్వాసమే, తిండి పెట్టినవాడికి పడి ఉండటమూ విశ్వాసమే. కామందుకు ఆ తేడా తెలుసు. తెలిసే కలిపేశాడు. మా తాత మాత్రం విడదీసుకున్నాడు. ఆయన విడదీసుకోబట్టి నేనిక్కడ ఉన్నాను. మేలు చేసినవాళ్లను మరిచిపోతే తప్పే. వాళ్లు అడిగిందల్లా ఇవ్వకపోతే పాపం కాదు."

మారిసెల్ నావైపు తల తిప్పింది. "వెనకనుంచి రిపోర్ట్ ఇవ్వను. ముందు ఆమెకు ముఖాముఖి చెప్తాను. అంతమాత్రం నేను బాకీ ఉన్నాను" అంది.

కోరా లేచి పాన్సిత్ డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. కోపంలో కూడా మనిషిని వట్టి చేతులతో పంపరు వాళ్లు.

నడుము

రెండ్రోజుల తరవాత మారిసెల్ హోమ్‌కు వచ్చింది. కారు నడిపింది కోరాయే. "కూర్చోలేని పిల్ల బస్సులో ఎలా వస్తుంది?" అని నాతో ముక్తసరిగా అని, ఆఫీసు బయటే ఆగిపోయింది. మారిసెల్ రమ్మంటే నేను లోపలికి వెళ్లాను.

లిండా ఎదురొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టింది. స్వస్థత కోసం, సమాధానం కోసం, మన మధ్యకు సాతాను రాకుండా ఉండటం కోసం. మారిసెల్ గోడకు ఆనుకుని నిలబడి ఆమె ముగించేదాకా ఆగింది. "ఆమెన్" అంది. ఆ తరవాత, "మామ్, ఇక రిపోర్ట్ ఇవ్వండి" అంది.

లిండా నమ్మలేనట్టు చూసింది. "నీకు నేనింత చేశాక కూడానా?"

"చేశారు మామ్. చచ్చిపోయేదాకా మరిచిపోను. మీ అమ్మగారు ఇక్కడ పోయేముందు నా సెలవులన్నీ ఆమె పక్కనే గడిపాను. ఆమెకిష్టమైన పాటలు నేర్చుకుని పాడాను. ఎవరూ చెప్పలేదు, మీమీద ప్రేమతో చేశాను. మళ్లీ అవసరమొస్తే మళ్లీ చేస్తాను. నా నడుము మాత్రం అందులో లేదు మామ్."

ఆమె తడబడకుండా చెప్పింది. కన్నీళ్లు మాత్రం ఆగలేదు. లిండా కిటికీ వైపు తిరిగింది. "నన్ను చాలా నొప్పించావు" అంది. ఆ హోమ్ పనిలో నడుము పోగొట్టుకున్న మనిషి ముందు ఆ మాట అనగలిగింది! నా ఉద్యోగంలో విన్న మాటలన్నిటిలో అంత సిగ్గులేని మాట ఇంకొకటి లేదు.

లిండా రిపోర్ట్ ఇవ్వలేదు. మారిసెలే స్వయంగా ఇచ్చుకుంది. డాక్టర్ దగ్గరికి నేను తోడు వెళ్లాను. ఇన్‌స్పెక్షన్ జరిగింది. ఆ అంతస్తుకు రెండో మనిషి తిరిగొచ్చింది. మారిసెల్ నడుము పూర్తిగా బాగుపడలేదు. ఇప్పుడు వేరేచోట రిసెప్షన్‌లో కూర్చుంటుంది, గంటకోసారి లేచి నిలబడాలి. లిండా ఇంకో పెద్ద హోమ్‌కు పెద్ద పదవిలో వెళ్లింది. వీడ్కోలు సభలో ఆమెది సేవకురాలి హృదయమని పొగిడారు. నేను చప్పట్లు కొట్టలేదు. మావారు చెప్పినట్టే నా అవర్స్ తగ్గించారు. కోరా నాతో మాట్లాడటం మానేసింది. ఆమె మేనకోడలికి కొత్త డైరెక్టర్ హయాంలో పని దొరికింది. అది కూడా వేరేవాళ్లు చెబితేనే తెలిసింది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేదొకటే. ఎదుటివాళ్ల ఆచారాలు నేర్చుకోండి. నేర్చుకున్నాక, వాటివల్ల లాభం ఎవరికి పోతోందో కూడా చూడండి. ఒక మనిషి దగ్గర లొంగుబాటు తెమ్మని మిమ్మల్ని పంపితే, మీ చేతిలో బైబిల్ ఉన్నా జపమాల ఉన్నా మీరు చాప్లిన్ కాదు, వసూలుకు వెళ్లే మనిషి.

నా కోపం తగ్గలేదు. తగ్గాలని ప్రార్థించనూ లేదు.

రిటైరైన రెండో చలికాలంలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. కోరా. పలకరింపులు లేవు.

"సిస్టర్, మా మేనకోడలి భుజం జారింది. ఒక పేషెంట్‌ను ఒక్కత్తే లేపిందట. కొత్త డైరెక్టర్ సిక్ లీవ్ పెట్టుకోమంటున్నాడు."

"మీరేమన్నారు ఆతె?"

"నేను పక్కనే ఉన్నాను. అతని ముందే నీకు ఫోన్ చేస్తున్నాను" అంది, గట్టిగా, అతనికి వినబడేలా. "జపమాల సాయంత్రం చెప్పుకుంటాం, నువ్వూ రా. ముందు రిపోర్ట్ ఎక్కడ ఇవ్వాలో చెప్పు."